తిమింగలాలు ఒడ్డుకొచ్చి ఎందుకు చనిపోతాయి?

తిమింగలాలు గుంపుగా ఒడ్డున పడి చనిపోతే సునామీకి సూచన అనో, అపశకునం అనో చెప్పేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. నాకు మాత్రం అరిస్టాటిల్ గుర్తొస్తాడు. ఆయన గ్రంథంగా మనకు అందిన ‘జంతువుల చరిత్ర’లో రెండు సంగతులు వేరువేరు చోట్ల ఉన్నాయి. డాల్ఫిన్లు ఒక్కోసారి ఎందుకో తెలియకుండా ఒడ్డుకెక్కుతాయన్నది ఒకటి. జాలర్లు పడవలతో చుట్టుముట్టి, నీళ్ళలో పెద్ద చప్పుడు చేసి, వాటిని ఒడ్డుకు తరిమి పట్టుకుంటారన్నది రెండోది. ప్రశ్నా, జవాబులో ఒక ముక్కా ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆ రెంటినీ కలపడానికి 2300 ఏళ్ళు పట్టింది.

1996 మే నెలలో ఆ గ్రీసులోనే, కిపరిస్సియా అఖాతంలో డజను దాకా కువియర్ తిమింగలాలు ఒడ్డున పడ్డాయి. లోతు సముద్రంలో బతికే జాతి ఇది. అన్నీ ఒకచోట కాదు, 38 కి.మీ. తీరం పొడవునా విడివిడిగా పడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నాటో నౌక ఒకటి అక్కడ సోనార్‌ను పరీక్షిస్తోంది. ఫ్రాంట్జిస్ అనే శాస్త్రవేత్త 1998లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి బయటపెట్టాడు. కాకతాళీయం అనుకోవడానికి అప్పటికింకా వీలుంది.

2000 మార్చిలో బహామాస్‌లో 17 జీవులు ఒడ్డుకొచ్చాయి. తమ ఓడల సోనారే కారణం అయ్యుండాలని మరుసటి ఏడాది నివేదికలో అమెరికా నౌకాదళమే ఒప్పుకుంది. 2002 సెప్టెంబరులో కానరీ దీవుల దగ్గర నౌకా విన్యాసాలు మొదలైన కొన్ని గంటలకే 14 తిమింగలాలు. వాటిని కోసి చూస్తే ఒంట్లో గాలిబుడగలు చేసిన గాయాలు కనిపించాయి. లోతు నుంచి తొందరపడి పైకొచ్చే డైవర్లకు వచ్చే జబ్బులాంటిదే ఇది.

అన్నిటికంటే గట్టి రుజువు ఆ తర్వాత దొరికింది. 2004లో స్పెయిన్ ఆ దీవుల చుట్టూ సోనార్‌ను నిషేధించింది. అంతకుముందు పదేపదే జరిగిన సామూహిక మరణాలు, 2013 దాకా చూస్తే, అక్కడ మళ్ళీ ఒక్కటీ జరగలేదు.

అలాగని ప్రతి చావునీ సోనార్‌కు అంటగట్టడం హేతువాదం కాదు. 2016 జనవరిలో తమిళనాడులోని మణప్పాడు తీరానికి 80కి పైగా పైలట్ తిమింగలాలు కొట్టుకొచ్చాయి. 1973లోనూ అక్కడ ఇలాగే జరిగింది. ఈ జాతి గుంపును వదలదు. ఒకటి దారితప్పినా మిగతావి వెంట పోతాయి. కారణం తేలాలంటే వెంటనే శవపరీక్ష జరగాలి, ఆ రోజుల్లో ఆ నీళ్ళలో ఏ ఓడ ఏం చేసిందో చెప్పాలి. శకునాలు వెతకడం మాని, ఈ రెంటినీ ప్రభుత్వాన్ని అడుగుదాం.