కాన్పు వేళ కాంగో కషాయం: కలాట-కలాట మొక్కపై పరీక్షలు

1960ల్లో రెడ్‌క్రాస్ బృందంతో కాంగోలో పనిచేసిన నార్వే వైద్యుడు లోరెంట్స్ గ్రాన్, అక్కడి స్త్రీలు కాన్పు త్వరగా కావడానికి ఒక మొక్కను మరిగించి ఆ కషాయాన్ని తాగడం గమనించారు. స్థానికులు ఆ మొక్కను కలాట-కలాట అంటారు. దాని శాస్త్రీయ నామం ఓల్డెన్‌లాండియా అఫినిస్. కాఫీ కుటుంబానికి చెందినది. కలంకారీ వస్త్రాలకు ఎర్రరంగునిచ్చిన మన చిరివేరు కూడా ఈ ప్రజాతిదే. అయితే ఆ బంధుత్వాన్ని బట్టి చిరివేరుకూ అదే గుణం ఉంటుందని భావించరాదు.

ఇటువంటి మొక్కలకు తొలి పరీక్ష ప్రయోగశాలలో జరుగుతుంది. జంతువు గర్భాశయ కండరపు ముక్కను శరీర ఉష్ణోగ్రత వద్ద ఉంచిన లవణ ద్రావణంలో వేలాడదీసి, అందులో మొక్క సారాన్ని కలిపి, కండరం ఎంత బలంగా, ఎంతసేపు ముడుచుకుంటుందో నమోదు చేస్తారు. కలాట-కలాట సారం గర్భాశయ కండరాన్ని ముడుచుకునేలా చేసింది. నాటు వైద్యంలోని నమ్మకానికి ఆధారం దొరికింది.

గ్రాన్ ఆ సారం నుంచి వేరుచేసిన పదార్థాల్లో ముఖ్యమైనది కలాటా బి1 అనే పెప్టైడ్. సాధారణంగా పెప్టైడ్లు జీర్ణరసాలకు తట్టుకోలేవు. మరి గంటల తరబడి మరిగించిన నీటిలో ఇది ఎలా నిలిచింది? 1995లో దాని నిర్మాణం తేటతెల్లమైంది. 29 అమైనో ఆమ్లాల గొలుసు, తల, తోక కలిసిపోయి వలయంగా ఉంది. లోపల మూడు గంధక వంతెనలు దాన్ని ముడివేశాయి. 1999లో ఇలాంటి అణువులకు సైక్లోటైడ్లు అని పేరు పెట్టారు. మొక్కలు వీటిని కీటకాల నుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకుంటాయని తరువాతి పరిశోధనలు సూచించాయి. మన పెరళ్లలో పూసే శంఖపుష్పంలోనూ ఇవి ఉన్నాయి.

మరిగించినా చెడకపోవడం ఒక సంగతి. తాగిన కషాయంలోని అణువు పేగు గోడ దాటి గర్భాశయాన్ని చేరడం మరో సంగతి. పైగా కలాటా బి1 ప్రయోగశాలలో ఎర్ర రక్తకణాలను ఛేదించింది. కషాయంలో ఏ ఆకుకు ఎంత సారం ఉంటుందో చెప్పలేము; నేల, రుతువు, మరిగించిన సమయం అన్నీ మోతాదును మార్చేస్తాయి. గర్భాశయం మరీ బలంగా, ఎడతెరిపి లేకుండా ముడుచుకుంటే మాయకు రక్తప్రసరణ తగ్గి, కడుపులోని బిడ్డకు ఆక్సిజన్ అందదు. గర్భాశయం చిరిగిపోయే ముప్పూ ఉంది.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గట్ శిలీంధ్రాన్ని ఐరోపా మంత్రసానులు ఎంతోకాలం వాడారు. 1808లో అమెరికా వైద్యుడు జాన్ స్టెర్న్స్ రాసిన లేఖతో అది వైద్యుల చేతికి వచ్చింది. 1824 నాటికి న్యూయార్క్ వైద్యుడు డేవిడ్ హోసాక్ మృతశిశు జననాలు పెరిగాయని హెచ్చరించి, కాన్పుకు ముందు దీన్ని వాడవద్దని, కాన్పు తరువాతి రక్తస్రావాన్ని ఆపడానికే పరిమితం చేయాలని సూచించారు. 1935లో అందులోని ఎర్గోమెట్రిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశారు. దాని నుంచి వచ్చిన మిథైల్ ఎర్గోమెట్రిన్ నేటికీ ప్రసూతి వార్డుల్లో ఉంది. అయితే రక్తపోటు ఉన్నవారికి ఇవ్వరు.

కలాట-కలాట పట్ల ఆసక్తి ఇప్పటికీ తగ్గకపోవడానికి ఒక కారణం ఉష్ణ దేశాల వాతావరణం. కాన్పు తరువాతి రక్తస్రావం తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. దాన్ని నివారించే ఆక్సిటోసిన్ సూదిమందును సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి. ఫ్రిజ్, నిరంతర విద్యుత్తు లేని ఆరోగ్య కేంద్రంలో అది శక్తి కోల్పోతుంది. వేడిని తట్టుకునే కార్బెటోసిన్ ఆక్సిటోసిన్‌కు తీసిపోదని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన భారీ పరీక్ష 2018లో వెల్లడించింది. కానీ అది కృత్రిమంగా రూపొందించిన మందు, మొక్కలోనిది కాదు.

మొక్క వైపు నుంచి వచ్చిన ముఖ్యమైన అడుగు 2013 నాటిది. వియన్నా పరిశోధకుల నేతృత్వంలోని బృందం, ఓల్డెన్‌లాండియాలోని కలాటా బి7 మానవ ఆక్సిటోసిన్ గ్రాహకానికి బలహీనంగానైనా అతుక్కుంటుందని చూపింది. దాని నమూనాగా తొమ్మిది అమైనో ఆమ్లాలతో చిన్న అణువును తయారుచేసి, అది ఆక్సిటోసిన్ గ్రాహకంపైనే ప్రత్యేకించి పనిచేస్తుందని తేల్చింది.

అక్కడి నుంచి గర్భిణిపై పరీక్ష వరకు దారి పొడవైనది, ఒకే మోతాదు రెండు ప్రాణాలకు తగులుతుంది కనుక. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 నాటి జాతీయ నైతిక మార్గదర్శకాలు ఇటువంటి పరిశోధనలకు అదనపు రక్షణలు కోరుతున్నాయి. కషాయాన్ని యథాతథంగా పరీక్షించదలిచిన వారు ముందుగా ప్రతి గుక్కలో ఎంత క్రియాశీల పదార్థం ఉందో చూపగలగాలి.