నిలువెత్తు బంగారం: ఒక శరీర పాఠం

మేడారం జాతరలో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కుకున్న మనిషి త్రాసులో ఒక పక్క కూర్చుంటే రెండో పక్క సరితూగేదాకా బెల్లం పెట్టి, దాన్ని సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారు. అదే నిలువెత్తు బంగారం. మాటలో ఉన్నది ఎత్తు, జరిగేది తూకం. గద్దెల మీద విగ్రహాలుండవు. కుంకుమ భరిణె, వెదురు రూపంలోనే తల్లులు కొలువుంటారు. అక్కడ కొలతకొచ్చే శరీరం భక్తుడిదే.

ఈ సంగతి నాకు పాఠంగా తట్టింది 1998లో. అప్పుడు తాడ్వాయి అడవుల్లో ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులుగా ఉన్నాను. 1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయులకు ఆరు సూత్రాలు నేర్పింది. చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడమీద ప్రదర్శించడం వాటిలోవే. 1990లలో డి.పి.ఇ.పి. వచ్చిన జిల్లాల్లో వరంగల్ కూడా ఉంది. శిక్షణలో అన్నీ రాసుకున్నాను. బడికొచ్చాక మాత్రం రంగుల చార్టు వేలాడదీసి, బెత్తంతో చూపిస్తూ 'జీర్ణాశయం' అనిపించేవాణ్ణి. పిల్లలు అనేవాళ్లు. అది తమ కడుపులోనే ఉందని ఎంతమందికి అర్థమైందో నేను అడగలేదు.

ఆ ఏడు జాతరయ్యాక, పిల్లలు ఇంకా ఆ ముచ్చట్లలోనే ఉన్నారు. "ఎవరెవరు బంగారం తూగిండ్రు?" అన్నాను. నలుగురు చేతులెత్తారు. ఎన్ని కిలోలో అడిగి బోర్డు మీద రాశాను. ఒకడికి ఎనిమిదేళ్లు. "పదిహేడు సారూ. పోయిన జాతరకు పదహారు" అన్నాడు. వాళ్లమ్మకు రెండు లెక్కలూ గుర్తే. బెల్లం కొన్నది ఆమే కదా!

ఆ వయసు పిల్లలు మామూలుగా ఏడాదికి రెండు మూడు కిలోలు పెరుగుతారు. వీడు రెండేళ్లలో ఒక్క కిలో. నేను నోరు తెరిచేలోపు వెనక వరసలోంచి ఒక పిల్ల అంది: "వానికి వానకాలమంత చలిజొరం ఉండె సారూ."

ఆ రోజు పాఠం వేరే దారి పట్టింది. తిన్నది ఎటు పోతుంది? జ్వరం వస్తే ఒళ్లెందుకు తగ్గుతుంది? ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని నాడి లెక్కపెట్టారు. బడి చుట్టూ ఉరికొచ్చి మళ్లీ లెక్కపెట్టారు. కాగితం గొట్టంలా చుట్టి పక్కవాడి ఛాతీకి ఆనించి విన్నారు. 1816లో పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడు అలా కాగితం చుట్టి వినడంతోనే స్టెతస్కోప్ కథ మొదలైంది.

తూకానికీ అలాంటి చరిత్రే ఉంది. ఇటలీ వైద్యుడు సాంటోరియో త్రాసుకు వేలాడే కుర్చీలో కూర్చుని, తిన్నదీ విసర్జించినదీ ఏళ్ల తరబడి తూచుకున్నాడు. ఎనిమిది పౌన్లు లోపలికి పోతే అయిదు పౌన్ల దాకా కంటికి కనబడకుండా ఆవిరైపోతోందని 1614లో పుస్తకం అచ్చువేశాడు. మన దేశంలో 1975లో అంగన్‌వాడీలు వచ్చాక పసిపిల్లల తూకం గీతలు గీయడం అలవాటైంది. బడికొచ్చే వయసుకు ఆ గీత ఆగిపోతుంది. మా ఊళ్లో మాత్రం మొక్కున్న ఇళ్లలో రెండేళ్లకోసారి తల్లులే దాన్ని పొడిగిస్తున్నారు, బెల్లం లెక్కలో.

మర్నాడు ఆ పిల్లవాణ్ణి తండ్రితో ఆరోగ్య కేంద్రానికి పంపాను. చార్టు తీసెయ్యలేదు. దాని పక్కన పిల్లలందరి తూకాలూ వాళ్ల చేతే రాయించి అంటించాను.

2000 జాతర నుంచి వాడు ప్రసాదం పట్టుకొచ్చాడు. నా చేతిలో పెట్టకముందే గోడ దగ్గరికి వెళ్లి, తన పేరు ఎదురుగా రాసుకున్నాడు: 21.