బాంటింగ్ గారి చెవి

1862 ఆగస్టులో లండన్‌వాసి విలియం బాంటింగ్ బరువు 202 పౌండ్లు, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. రాజకుటుంబపు అంత్యక్రియలు జరిపించడం ఆయన వృత్తి. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చేది. వ్యాయామానికి పడవ నడపమన్నారు, నడిపాడు. ఆకలి పెరిగింది, దాంతో బరువూ పెరిగింది. ఆవిరి స్నానాలూ అయ్యాయి.

చివరికి చెవి సరిగ్గా వినపడట్లేదని విలియం హార్వే అనే వైద్యుడి దగ్గరికెళ్తే, కారణం కొవ్వేనన్నాడాయన. పారిస్‌లో క్లోడ్ బెర్నార్డ్ మధుమేహం గురించి చెప్పింది విని వచ్చినవాడు. రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానిపించాడు. మాంసం, చేపలు, కాస్త వైన్ ఉంచాడు. ఏడాది పైచిలుకులో 46 పౌండ్లు తగ్గాయి.

1863లో బాంటింగ్ తన అనుభవాన్ని సొంత ఖర్చుతో అచ్చేయించాడు. ఆయన పేరే క్రియాపదమైపోయింది. స్వీడిష్‌లో ఇప్పటికీ డైటింగ్ చేయడాన్ని ‘బాంటా’ అంటారు.

తమాషా ఇక్కడే ఉంది. అందరికీ చెప్పే సలహాలు ఆయనకి పనిచెయ్యలేదు. తన తిండిని బట్టి చెప్పింది పనిచేసింది. అది అచ్చులోకెక్కగానే మళ్లీ అందరి సలహా అయి కూర్చుంది. ఇవాళ వాట్సాప్‌లో వచ్చిన పట్టిక చూసి అన్నం మానేసే ముందు, అది ఎవరి ఒంటికి కుదిరిందో అడగాలి కదా.