ఆడొక లెక్క, ఈడొక లెక్క: పామిడి నుంచి సీరం ఫాస్ఫరస్ పరీక్షా పద్ధతులపై ఒక పరిశీలన

ఈ వ్యాసానికి మూలం పామిడిలో డయాలసిస్ చేయించుకుంటున్న ఒక కిడ్నీ రోగి అడిగిన ప్రశ్న. రెండు రిపోర్టులు ముందు పెట్టి, "ఆడొక లెక్క రాసినారు, ఈడొక లెక్క రాసినారు. యాది నిజం సార్?" అన్నాడు. రెండింటిలోనూ పరీక్ష ఒకటే, సీరం ఫాస్ఫరస్. అనంతపురంలో తీసి అక్కడే చేసినదాంట్లో డెసిలీటరుకు 5.0 మిల్లీగ్రాములు ఉంది. పామిడిలో తీసి బస్సులో అనంతపురం పంపినదాంట్లో 6.0. డయాలసిస్ రోగుల్లో దీన్ని 3.5 నుంచి 5.5 మధ్య ఉంచాలని 2003 నాటి అమెరికా మార్గదర్శకాలు సూచించాయి. అంటే ఒక కాగితం ప్రకారం ఫాస్ఫరస్ తగ్గించే మందు ఇలాగే సాగాలి, రెండోదాని ప్రకారం పెంచాలి.

ఈ పరీక్ష చరిత్రలో ఒక తెలుగువాడి శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. సీరంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపితే ప్రోటీన్లు పాలు విరిగినట్టు విరిగి అడుగుకు చేరతాయి. పైన తేరిన ద్రవాన్ని వడగట్టి ఆమ్ల మాలిబ్డేట్, ఆపైన అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలపాలి. పరీక్షనాళికలో ముందు ఆకాశపు లేతనీలం కనిపిస్తుంది, చూస్తుండగానే అది చిక్కబడుతుంది. ఆ నీలం ఎంత గాఢమైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతకుముందు 1920లో బెల్, డాయిజీ ఇదే పనికి హైడ్రోక్వినోన్ వాడారు.

కండరాల నుంచి తీసిన ద్రవంలో మాత్రం రంగు రావలసినంత వేగంగా రాలేదు. ప్రామాణిక ద్రావణం చిక్కబడ్డాక కూడా కండరపు నాళిక మెల్లగా నీలమెక్కుతూనే ఉంది. కొలత తప్పిందని ఇద్దరూ ఆ నాళికను పారబోయలేదు, ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో విడిపోయే ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం అక్కడ దాగి ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అంతవరకు కండరంలో ఉన్న 'అకర్బన ఫాస్ఫేట్' అనుకున్నదాంట్లో చాలా భాగం నిజానికి అకర్బనం కాదు. పద్ధతుల పోలిక మీద నేను చదివినవాటిలో దీన్ని మించిన పాఠం నాకు కనబడలేదు. రెండు కొలతలు కలవనప్పుడు ఆ తేడాలోనే అసలు సమాచారం ఉంటుంది.

ఇప్పటి యంత్రాల్లో ఎక్కువగా వాడేది 1972లో డేలీ, ఎర్టింగ్‌షౌసెన్ వివరించిన తరహా పద్ధతి. ఇందులో నీలం తెప్పించే క్షయకరణం లేదు, ప్రోటీన్ తీసివేత లేదు. ఫాస్ఫరస్, మాలిబ్డేట్ కలిసి ఏర్పడే ఫాస్ఫోమాలిబ్డేట్‌ను 340 నానోమీటర్ల దగ్గర నేరుగా చదువుతారు. నిమిషాల్లో అయిపోతుంది, రోజూ ఒకే నిలకడతో వస్తుంది. కానీ నిలకడ వేరు, నిజం వేరు. కొవ్వుతో తెల్లబడిన సీరం, ఎర్రకణాలు పగిలిన సీరం, పసుపెక్కిన సీరం ఇక్కడ ఇబ్బంది పెడతాయి. మైలోమా వంటి జబ్బుల్లో అసహజ ప్రోటీన్ ఈ పద్ధతిలోని ఆమ్ల మాలిబ్డేట్‌లో మసకబారితే, యంత్రం ఆ మసకను కూడా ఫాస్ఫరస్‌గానే లెక్కవేస్తుంది. లేని ఫాస్ఫరస్ ఎక్కువగా కనబడుతుంది. అలాంటి రోగిలో ముందే ప్రోటీన్‌ను విరగగొట్టే పాత పద్ధతినే నేను నమ్ముతాను.

రెండు పద్ధతులను పోల్చేటప్పుడు చాలామంది సహసంబంధ గుణకం చూసి తృప్తిపడతారు. ఒక పద్ధతి 3.0, 4.0, 5.0 ఇస్తే రెండోది 3.6, 4.8, 6.0 ఇచ్చిందనుకుందాం. గుణకం సరిగ్గా 1 వస్తుంది. అయినా ప్రతి ఫలితం 20 శాతం ఎక్కువే. 1986లో లాన్సెట్‌లో బ్లాండ్, ఆల్ట్‌మన్ ఈ పొరపాటునే ఎత్తిచూపారు. రెండింటి సగటుకు ఎదురుగా తేడాను గీయమన్నారు. కనీసం 40 మంది రోగుల నమూనాలను చాలా రోజుల మీద ఇలా గీస్తే, తేడా స్థిరంగా ఉందా, విలువతో పాటు పెరుగుతోందా అన్నది కంటికే తెలుస్తుంది.

ఇక్కడి నేలకు సంబంధించిన చిక్కు ఇంకొకటి ఉంది. పామిడి పెన్న ఒడ్డునే ఉన్నా, ఏరు ఏడాదిలో చాలాకాలం ఇసుకే. ల్యాబు అవసరాలకూ బోరునీళ్ళే దిక్కు. గ్రానైట్ రాళ్ళలో నిలిచిన నీటిలో సిలికా కరిగి ఉంటుంది. అది కూడా మాలిబ్డేట్‌తో కలిసి నీలం ఇవ్వగలదు. నీటిని శుద్ధిచేసే రెసిన్ అలసిపోయినప్పుడు మొదట జారుకునేవాటిలో సిలికా ఒకటి. దానికి విద్యుదావేశం దాదాపు ఉండదు కనుక వాహకత మీటరు బాగానే చూపిస్తుంది. సీరం లేని ఖాళీ నాళికను రోజూ నడిపితేనే ఇది దొరుకుతుంది. నాళికలను ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో కడిగినా అంతే.

బస్సు ప్రయాణం సంగతి ఇంకా ముఖ్యం. అనంతపురం సుమారు 30 కిలోమీటర్లే. కానీ పామిడిలో పొద్దున తీసిన రక్తం, సీరం విడదీయకుండా మధ్యాహ్నపు బస్సు దాకా ఎండలో ఉంటే, ఎర్రకణాల్లోని ఫాస్ఫేట్ విడిపోయి సీరంలోకి వచ్చేస్తుంది. ఏ పద్ధతి వాడినా ఆ నమూనాలో ఫలితం ఎక్కువే వస్తుంది. పైగా ఫాస్ఫరస్ పొద్దున తక్కువగా, రాత్రి ఎక్కువగా ఉంటుంది. ఆ రోగి రెండు రిపోర్టులు వేర్వేరు రోజులవి, వేర్వేరు వేళలవి. కాబట్టి 5.0, 6.0 అంకెలతో రెండు పద్ధతులను పోల్చడం కుదరదు.

అతనికి నేను చెప్పిన జవాబు ఇది: రెండింటిలో ఏది నిజమో ఈ కాగితాలు చెప్పలేవు. డయాలసిస్‌కు ముందు, పొద్దున్నే ఒక్కసారే రక్తం తీయించుకోవాలి. గడ్డకట్టగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరాన్ని రెండు నాళికల్లో పోసి, ఐసు పెట్టెలో ఒకటి ఒక ల్యాబుకు, ఒకటి రెండో ల్యాబుకు అదే రోజు పంపాలి. అప్పటిదాకా మందు మోతాదు మార్చవద్దని అతని డాక్టరును అడుగుతూ చీటీ రాసి ఇచ్చాను.