'యూ' అంటే నువ్వా, మీరా?

ఈ ఎపిసోడ్‌లో మనం రోజూ వాడే ఒక చిన్న ఇంగ్లీష్ మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట 'యూ'.

చాలామంది నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే కదా, మరి 'యూ ఈజ్' అనకుండా 'యూ ఆర్' అని ఎందుకు అంటారు? రెండోది, ఇంటర్వ్యూలో పెద్దాయన్ని 'యూ' అంటే 'నువ్వు' అన్నట్టు ఉండదా? ఈ రెండింటికీ జవాబు చరిత్రలోనే ఉంది.

ఒకప్పుడు ఇంగ్లీష్‌లో కూడా మనలాగే రెండు మాటలు ఉండేవి. ఒక్కరినైతే 'దౌ', ఎక్కువమందినైతే 'యీ', 'యూ'. అంటే దౌ మన నువ్వు, యూ మన మీరు. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లండ్‌ను గెలిచారు. దాంతో రాజులు, జమీందార్ల ఇళ్ళల్లో ఫ్రెంచ్ నడిచింది. ఫ్రెంచ్‌లో పెద్దవాళ్ళని బహువచనంతో పిలిచే మర్యాద ఉంది. సుమారు 13వ శతాబ్దం నుంచి ఇంగ్లీష్‌లోనూ అదే అలవాటు కనిపిస్తుంది. పెద్దవాళ్ళకి యూ, పనివాళ్ళకీ పిల్లలకీ దౌ.

ఇక దౌ అనేది తిట్టుగా కూడా మారింది. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం కేసు నడిచింది. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్, నిండు కోర్టులో ఆయన్ని కావాలనే దౌ అని పిలిచి అవమానించాడు. మన దగ్గర పెద్దమనిషిని పదిమందిలో 'ఒరేయ్, నువ్వు' అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

17వ శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ నాయకత్వంలో క్వేకర్లు అనే క్రైస్తవ బృందం వచ్చింది. దేవుడి ముందు అందరూ సమానమే, ఒక్క మనిషికి బహువచనం ఎందుకు అన్నారు వాళ్ళు. జడ్జినైనా, జమీందారునైనా దౌ అనే పిలిచారు. దానికి తిట్లు తిన్నారు, దెబ్బలు తిన్నారు. కవి మిల్టన్‌కి పుస్తకాలు చదివి వినిపించిన థామస్ ఎల్‌వుడ్ కూడా క్వేకరే. తండ్రిని దౌ అన్నందుకు ఆయన ఇంట్లోనే దెబ్బలు తిన్నాడు. ఫాక్స్, ఆయన తోటివాళ్ళు 1660లో ఏకవచనం, బహువచనం మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఎన్నో భాషల నుంచి ఉదాహరణలు చూపించారు. ఒక్క సర్వనామం కోసం ఇంత గొడవ!

అయినా వాళ్ళు అనుకున్నది జరగలేదు. ఎదుటివాళ్ళని తక్కువ చేసినట్టు అవుతుందేమో అన్న భయంతో జనం అందరినీ యూ అనడం మొదలుపెట్టారు. దౌ మెల్లగా వాడుకలోంచి జారిపోయింది. ప్రార్థనల్లో, కొన్ని ప్రాంతాల యాసల్లో మాత్రం మిగిలింది. అందుకే ఇప్పుడు దౌ అంటే ఏదో గొప్ప గౌరవ పదం అనిపిస్తుంది. నిజానికి అది దేవుణ్ణి దగ్గరివాడిలా పిలిచే మాట. మన అన్నమయ్య, త్యాగయ్య కూడా దేవుణ్ణి నీవు అనే పిలిచారు కదా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మనం ఒక్క మనిషితోనే మాట్లాడుతున్నా 'మీరు ఉన్నారు' అంటాం, 'మీరు ఉన్నావు' అనం. 'యూ ఆర్' కూడా సరిగ్గా అంతే. మాట బహువచనం కాబట్టి క్రియ కూడా బహువచనమే. 18వ శతాబ్దంలో బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఒక్కరితో 'యూ వాజ్' అనేవాళ్ళు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణ పుస్తకంలో అది తప్పు అన్నాడు. చివరికి 'యూ వర్' నిలబడింది. కాబట్టి 'యూ వర్ లేట్ యెస్టర్‌డే', 'యూ హ్యావ్ టైమ్', 'డూ యూ నో హిమ్?' అనండి. 'యూ హ్యాజ్', 'డజ్ యూ' వద్దు.

ఏకవచనం తేడా ఒక్కచోట మాత్రం ఇంకా బతికే ఉంది. ఒక్కరితో 'టేక్ కేర్ ఆఫ్ యువర్‌సెల్ఫ్', ఎక్కువమందితో 'టేక్ కేర్ ఆఫ్ యువర్‌సెల్వ్స్'. అందరినీ కలిపి అడగాలంటే 'ఆర్ యూ ఆల్ కమింగ్?' అంటే సరిపోతుంది.

రెండో ప్రశ్నకి జవాబు మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఇంగ్లీష్ పోగొట్టుకున్నది నువ్వుని, మీరుని కాదు. మేనేజర్‌ని యూ అనడంలో అమర్యాద ఏమీ లేదు. ఇంగ్లీష్‌లో మర్యాద మిగతా వాక్యంలో కనిపిస్తుంది. 'యూ సెండ్ ద ఫైల్' అంటే ఆర్డర్ వేసినట్టు ఉంటుంది. 'కుడ్ యూ ప్లీజ్ సెండ్ ద ఫైల్?' అంటే 'కాస్త ఆ ఫైల్ పంపిస్తారా అండీ' అన్నట్టు. మన 'అండీ' చేసే పని అక్కడ 'కుడ్', 'ప్లీజ్' చేస్తాయి.

కాబట్టి ఇంటర్వ్యూలో ఆ మాట దగ్గర తడబడకండి. పెద్దాయన కళ్ళలోకి చూసి ధైర్యంగా 'హౌ ఆర్ యూ, సర్?' అనండి. మీరు ఆయన్ని మీరు అనే పిలుస్తున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం, ఉంటాను.