చూడకుండా పెట్టిన సంతకం

న్యూయార్క్ సిటీ హాల్ వెనక, ఛాంబర్స్ స్ట్రీట్ మీద ఓ పాత కోర్టు భవనం ఉంది. మొదట దానికి మంజూరైంది 2.5 లక్షల డాలర్లు. 1861లో పని మొదలైంది. చివరికి ఖర్చు కోటీ ముప్ఫై లక్షలకు చేరిందని అంచనా. ప్లాస్టరింగ్ కాంట్రాక్టరుకైతే రెండు రోజుల పనికి 1,33,187 డాలర్లు ఇచ్చారు.

అడ్డుకునే ఏర్పాటు లేక కాదు. కౌంటీ బిల్లులు పరిశీలించడానికి 12 మంది సూపర్‌వైజర్ల బోర్డు ఉండేది. ఒకే పార్టీ పెత్తనం కాకూడదని రెండు పార్టీల నుంచీ చెరో ఆరుగురు. కాగితం మీద ఇంతకన్నా పక్కా డిజైన్ ఉండదు. అయినా ఆ బోర్డులో కూర్చునే విలియం ట్వీడ్ చక్రం తిప్పాడు.

1870లో బోర్డు రద్దయింది. పాత బాకీలు తేల్చే పని మేయర్ హాల్, కంప్ట్రోలర్ కానలీ, ట్వీడ్ చేతికొచ్చింది. ఆ ముగ్గురూ కూర్చున్నది ఒక్కసారే. పాసైన బిల్లులు 60 లక్షల డాలర్ల పైనే.

1873లో ట్వీడ్ మీద 204 అభియోగాలు రుజువయ్యాయి. నన్ను ఆపింది ఇదే: అవి దొంగతనం కేసులు కావు. బిల్లులు పరిశీలించాల్సినవాడు పరిశీలించలేదన్న కేసులు. లోకానికి అతను దొంగ. ఆ తీర్పులో మాత్రం చూడనివాడు.

మా ఆఫీసులో ఒకళ్ల కోడ్ ఇంకొకళ్లం రివ్యూ చేస్తాం. శుక్రవారం సాయంత్రాలు చదవకుండానే అప్రూవ్ నొక్కిన సందర్భాలు నాకూ ఉన్నాయి. నేనేం తప్పు రాయలేదుగా అనుకునేవాణ్ని. ఆ 204 గురించి చదివాక అలా అనుకోవడం కుదరట్లేదు.