జావా వెర్షన్ తేడా, లైసెన్స్ చిక్కు: ఏది ఎక్కడ చూసుకోవాలి?

ప్రాజెక్ట్ నిన్నటిదాకా బాగానే నడిచింది. ఇవాళ రన్ చేస్తే ఎర్ర అక్షరాల్లో ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్’ అని వస్తోంది. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న విద్యార్థులకైనా, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవాళ్లకైనా ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అప్పుడు చాలామంది చేసే పని ఏంటంటే, గూగుల్‌లో జావా అని వెతికి, మొదట కనిపించినదాన్ని డౌన్‌లోడ్ చేసి, ఉన్నదాని మీద ఇంకొకటి ఇన్‌స్టాల్ చేసేయడం. దీంతో ఒక సమస్య కాస్తా రెండవుతుంది. వెర్షన్ తేడా అలాగే ఉండిపోతుంది. దానికి తోడు, డబ్బు కట్టి వాడాల్సిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఆఫీసు కంప్యూటర్‌లోకి వచ్చి చేరే ప్రమాదం ఉంది.

ఉర్దూ డీటీపీ పని చేసినవాళ్లకు ఇన్‌పేజ్ డాంగిల్ గుర్తుండే ఉంటుంది. అది కంప్యూటర్‌కు పెట్టకపోతే ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ పనిచేయదు. లైసెన్స్ ఉందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. జావాలో అలాంటి తాళం ఏమీ లేదు. లైసెన్స్ ఉన్నా, లేకపోయినా ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. అందుకే “నడుస్తోంది కదా, ఇంకేంటి” అనుకుంటాం. నడవడం వేరు, వాడుకునే హక్కు ఉండడం వేరు. రెండింటినీ విడివిడిగా చూసుకోవాల్సిందే.

ఎర్రర్‌లోనే జవాబు ఉంది

ముందు వెర్షన్ సంగతి చూద్దాం. పైన చెప్పిన ఎర్రర్‌ను పూర్తిగా చదివితే అందులో రెండు అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకు 61.0, 55.0. మొదటిది ప్రోగ్రామ్‌ను ఏ వెర్షన్‌తో కంపైల్ చేశారో చెబుతుంది. రెండోది ఇప్పుడు నడుపుతున్న జావా ఎంతవరకు అర్థం చేసుకోగలదో చెబుతుంది. వీటిలోంచి 44 తీసేయండి, జావా వెర్షన్ వచ్చేస్తుంది. 61 అంటే జావా 17, 55 అంటే 11, 52 అంటే 8, 65 అంటే 21. అంటే ఈ ఉదాహరణలో 17తో తయారుచేసిన ప్రోగ్రామ్‌ను 11 మీద నడపాలని చూస్తున్నాం. కొత్త జావా పాతదాన్ని నడుపుతుంది కానీ పాత జావా కొత్తదాన్ని నడపలేదు.

దీనికి రెండు దారులున్నాయి. నడిపే చోట జావాను పెంచాలి, లేదా కంపైల్ చేసేటప్పుడు తగ్గించాలి. సర్వర్ మన చేతిలో లేనప్పుడు రెండోదే దిక్కు. అయితే సోర్స్, టార్గెట్ అనే సెట్టింగ్‌లు మాత్రమే మార్చి ఊరుకోకండి. 17లో కూర్చొని టార్గెట్ 8 అని పెట్టి, కోడ్‌లో మాత్రం స్ట్రింగ్‌కు ‘ఈజ్ బ్లాంక్’ మెథడ్ వాడారనుకోండి. అది జావా 11లో వచ్చినది. కంపైల్ నిక్షేపంగా అవుతుంది. తీరా జావా 8 ఉన్న సర్వర్‌లో ఆ లైను దగ్గరికి రాగానే ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’ వచ్చి ప్రోగ్రామ్ పడిపోతుంది. ‘రిలీజ్’ అనే సెట్టింగ్ వాడితే ఇలాంటి తప్పు కంపైల్ దశలోనే దొరుకుతుంది. మావెన్‌లోనూ ఈ సెట్టింగ్ ఉంది.

కొన్నిచోట్ల తగ్గించడం కుదరదు. స్ప్రింగ్ బూట్ 3కి కనీసం జావా 17 కావాలి. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8కీ అంతే. పాత ప్రాజెక్ట్‌ను 8 నుంచి 11కి మార్చగానే జాక్స్‌బీ క్లాసులు కనబడటం లేదని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. 11లో వాటిని జావాలోంచి తీసేశారు. విడిగా డిపెండెన్సీగా కలుపుకుంటే సరిపోతుంది.

మీ కంప్యూటర్‌లో ఎన్ని జావాలు ఉన్నాయి?

“నేను 17 వేశాను, అయినా 8 అనే చూపిస్తోంది” అనే మాట తరచూ వింటుంటాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో ‘వేర్ జావా’ అని కొట్టండి. పాత్‌లో ఎన్ని జావాలుంటే అన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదటి వరుసలో ఉన్నదే నడుస్తుంది. ఓరకిల్ ఇన్‌స్టాలర్ ‘జావాపాత్’ అనే ఫోల్డర్‌ను పాత్‌లో చేరుస్తుంది. చాలాసార్లు అదే ముందు కూర్చొని మనం పెట్టినదాన్ని పక్కకు నెడుతుంది. పాత్‌లోంచి దాన్ని తీసేయండి, లేదా కిందికి జరపండి.

ఇక మావెన్ అయితే పాత్‌ను కాదు, ‘జావా హోమ్’ను చూస్తుంది. అందుకే జావా వెర్షన్ కమాండ్ 17 అని చూపిస్తూ, మావెన్ మాత్రం 8తో కంపైల్ చేసే విచిత్రం జరుగుతుంది. మావెన్ వెర్షన్ కమాండ్ కొడితే అది ఏ జావా వాడుతోందో అదే చెబుతుంది. ఇంటెల్లిజెలో ప్రాజెక్ట్ ఎస్‌డీకే ఒకచోట, గ్రేడిల్ జేవీఎం ఇంకోచోట ఉంటాయి. ఒకటి మార్చి రెండోది మర్చిపోతుంటాం. ఎక్లిప్స్‌లో అయితే ఇన్‌స్టాల్డ్ జేఆర్‌ఈలు, కంపైలర్ కంప్లయన్స్ లెవెల్ రెండూ చూడాలి. ఇంకో చిన్న విషయం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చాక అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ విండోలో ఆ మార్పు కనిపించదు. మూసి మళ్లీ తెరవాలి. దీనికోసం గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఉచితం ఎక్కడిదాకా?

అసలు చిక్కు ఇక్కడుంది. ‘జావా ఉచితం’ అనే మాట సగమే నిజం. ఓపెన్‌జేడీకే పూర్తిగా ఓపెన్ సోర్స్. దాని నుంచే ఓరకిల్ తన సొంత జేడీకేను తయారుచేసి, వేరే లైసెన్స్‌తో ఇస్తుంది. ఆ లైసెన్స్ షరతులు వెర్షన్‌ను బట్టి, తేదీని బట్టి మారుతూ వచ్చాయి.

జావా 8ను 2019 జనవరి దాకా వచ్చిన అప్‌డేట్‌లతో, అంటే 202 వరకు, వ్యాపారంలో ఉచితంగా వాడుకోవచ్చు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 211 నుంచి లైసెన్స్ మారిపోయింది. సొంతంగా వాడుకోవడానికి, నేర్చుకోవడానికి, డెవలప్‌మెంట్, టెస్టింగ్‌కు ఉచితమే. కంపెనీ రోజువారీ పనిలో వాడితే మాత్రం సబ్‌స్క్రిప్షన్ కావాలి. ఓరకిల్ జేడీకే 11కు 2018లో వచ్చినప్పటి నుంచే ఈ షరతు ఉంది. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 17ను మళ్లీ అందరికీ ఉచితం చేశారు, కానీ గడువు పెట్టి. ఆ గడువు 2024 సెప్టెంబర్‌తో అయిపోయింది. 17.0.12 దాకా ఉచితం, 17.0.13 నుంచి కాదు. 21కి ఆ గడువు 2026 సెప్టెంబర్.

అంటే ఏమీ మార్చకుండా, సెక్యూరిటీ కోసమని చిన్న అప్‌డేట్ ఒకటి నొక్కినా గీత దాటేసినట్టే. మంచి పని చేశామనుకుంటాం, తెలియకుండానే బిల్లు నెత్తిన పడుతుంది.

ఆ బిల్లు కూడా చిన్నదేం కాదు. 2023 జనవరి నుంచి ఓరకిల్ లెక్క మారింది. జావా వాడేవాళ్లు ఎంతమంది అని కాదు, సంస్థలో మొత్తం ఉద్యోగులు ఎంతమంది అని లెక్కేస్తారు. పార్ట్‌టైమ్, టెంపరరీ వాళ్లు కూడా అందులోకే వస్తారు. 999 మంది వరకు ప్రకటించిన రేటు తలకు నెలకు 15 డాలర్లు. 40 మంది ఉన్న సంస్థలో ఒక్క కంప్యూటర్‌లో జావా ఉన్నా, ఆ రేటు ప్రకారం ఏడాదికి 7,200 డాలర్లు అవుతుంది.

ఫ్రీలాన్స్ పని చేసే మన కుర్రాళ్లు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ఒక స్కూల్‌కు ఫీజు సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చారనుకుందాం. మీ ల్యాప్‌టాప్‌లో తయారుచేసినప్పుడు అది డెవలప్‌మెంట్. అదే జావాను స్కూల్ ఆఫీసులో వేసి రోజూ రసీదులు కొడుతుంటే అది వ్యాపార వాడకం. ఓరకిల్ అకౌంట్‌తో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేస్తే ఏ మెయిల్‌తో చేశారో అక్కడ నమోదవుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఆఫీసు మెయిల్‌తో ఇలా డౌన్‌లోడ్ చేసే ముందు ఐటీ వాళ్లను ఒక్క మాట అడగడం మేలు.

బయటపడే దారి కష్టమైనదేం కాదు. ఎక్లిప్స్ సంస్థ కింద ఉన్న అడాప్టియం వాళ్ల టెమురిన్, అమెజాన్ కొరెట్టో, మైక్రోసాఫ్ట్ ఓపెన్‌జేడీకే, ఇవన్నీ వ్యాపారంలోనూ ఉచితం. టెమురిన్‌లో, కొరెట్టోలో జావా 8కీ అప్‌డేట్‌లు వస్తున్నాయి. కాబట్టి 2019 నాటి 202నే పట్టుకొని వేలాడాల్సిన అవసరం లేదు, ఆ తర్వాతి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏవీ అందులో ఉండవు కూడా. మీ దగ్గర ఏది ఉందో తెలియాలంటే వెర్షన్ కమాండ్ కొట్టి మొదటి మాట చూడండి. ‘ఓపెన్‌జేడీకే వెర్షన్’ అని మొదలైతే మామూలుగా భయం లేదు. ‘జావా వెర్షన్’ అని మొదలై, కింద ‘జావా టీఎం ఎస్‌ఈ’ అని ఉంటే అది ఓరకిల్‌ది. అప్పుడు అప్‌డేట్ నంబర్ చూసుకోవాలి.

మిగతా టూల్స్ సంగతి

విజువల్ స్టూడియో కమ్యూనిటీ 30 రోజుల తర్వాత లైసెన్స్ అయిపోయిందని అంటే డబ్బు అడుగుతున్నట్టు కాదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలు. విద్యార్థులకు ఉచితం, చిన్న సంస్థలో ఐదుగురి దాకా వాడొచ్చు. డాకర్ డెస్క్‌టాప్‌ను ఉచితంగా వాడాలంటే కంపెనీలో 250 మంది కంటే తక్కువ ఉండాలి, ఏడాది ఆదాయం కోటి డాలర్ల లోపు ఉండాలి. జెట్‌బ్రెయిన్స్ టూల్స్‌కు 12 నెలలు వరుసగా కడితే, ఆ ఏడాది మొదట్లో ఉన్న వెర్షన్ ఎప్పటికీ మీదే. సబ్‌స్క్రిప్షన్ ఆపేశాక కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ చేస్తే లైసెన్స్ చెల్లదంటుంది. తిరిగి పాత వెర్షన్ వేసుకుంటే సరి. క్రాక్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. క్లయింట్ల పాస్‌వర్డ్‌లు ఉన్న కంప్యూటర్‌లో ఎవరు రాశారో తెలియని ఫైల్‌ను అడ్మిన్ హక్కులతో నడపడం అంటే ఇంటి తాళాలు అపరిచితుడికి ఇచ్చినట్టే.

ఓరకిల్ జావా 8 నుంచి టెమురిన్‌కు మారేవాళ్లకు ఒక్క విషయం. ఓరకిల్ 8తో పాటు లూసిడా ఫాంట్‌లు వచ్చేవి, ఓపెన్‌జేడీకేలో అవి ఉండవు. లినక్స్ సర్వర్‌లో జాస్పర్ లాంటి వాటితో పీడీఎఫ్ రసీదులు తీస్తుంటే, మార్చిన రోజే ఫాంట్ ఎర్రర్ రావచ్చు. సర్వర్‌లో ఫాంట్‌కాన్ఫిగ్ ప్యాకేజీ, ఏదైనా ఒక ఫాంట్ ప్యాకేజీ వేయండి. ఒక రసీదు ప్రింట్ తీసి చూసుకున్నాకే పాత జావాను తీసేయండి.